తువైథా కథ: ఇరాక్ అణు ప్రయత్నం, ప్రపంచం ఇచ్చిన జవాబు

బాగ్దాదు నుండి దజ్లా నది వెంట ఆగ్నేయ దిశగా సుమారు 20 కిలోమీటర్లు పోతే తువైథా వస్తుంది. అదే దారిలో మరికొంత దిగువకు పోతే మదాయిన్ వస్తుంది. సాసానీ చక్రవర్తుల రాజధానిగా, తాఖె కిస్రా కమాను నిలిచి ఉన్న చోటుగా, హజ్రత్ సల్మాన్ ఫార్సీ సమాధి గల స్థలంగా మదాయిన్ పేరు ఇస్లామీయ చరిత్ర చదివిన ప్రతివారికి సుపరిచితమే. దాని పొరుగున ఉన్న తువైథా పేరు మాత్రం గత శతాబ్దపు చివరి పాదంలోనే లోకానికి తెలిసింది. అక్కడ ఇరాక్ ప్రభుత్వం తన అణు పరిశోధన కేంద్రాన్ని నిర్మించింది.

ఈ ఒక్క స్థలం మీద 1980 సెప్టెంబరులో ఇరాన్ విమానాలు, 1981 జూన్‌లో ఇజ్రాయిల్ విమానాలు, 1991 జనవరిలో అమెరికా నాయకత్వంలోని కూటమి విమానాలు బాంబులు కురిపించాయి. 2003 ఏప్రిల్‌లో కాపలా లేక అది లూటీ అయింది. ఒక నిరంకుశ ప్రభుత్వం అణ్వస్త్రాన్ని కోరినప్పుడు ఇతర దేశాలు ఏమి చేశాయి, చేసినదాని ఫలితం ఏమిటి అన్న ప్రశ్నకు తువైథా చరిత్ర ఇచ్చినంత స్పష్టమైన సమాధానం మరొకటి అరుదు. అందుచేత దానిని మొదటి నుండి పరిశీలించడం అవసరం.

ఆరంభ దశ

ఇరాక్‌లో అణుశక్తి ప్రస్తావన బాత్ పార్టీతో ప్రారంభం కాలేదు. రాజరిక కాలంలోనే, 1955లో ఏర్పడిన బాగ్దాదు ఒడంబడిక క్రింద ఆ నగరంలో ఒక అణు శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. 1958 జూలైలో అబ్దుల్ కరీం ఖాసిం నాయకత్వాన విప్లవం వచ్చి రాజరికం కూలిపోగానే ఆ కేంద్రాన్ని టెహ్రానుకు తరలించారు. అటు తరువాత ఖాసిం ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నది. దాని ఫలితంగా తువైథాలో ఒక చిన్న పరిశోధన రియాక్టరు వెలసి, 1960ల చివరలో పని ప్రారంభించింది. ఇరాక్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై 1968లో సంతకం చేసి, 1969లో దానిని ధ్రువీకరించింది. అంటే తన అణు పదార్థాలన్నిటినీ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి లోబరచడానికి అంగీకరించింది.

1968 జూలైలో బాత్ పార్టీ అధికారానికి వచ్చిన తరువాత పరిస్థితి మారింది. 1973 యుద్ధానంతరం చమురు ధర అనేక రెట్లు పెరిగింది. ఖజానా నిండింది. అప్పటికి ఉపాధ్యక్ష స్థానంలో ఉండి, వాస్తవానికి రాజ్యమంతా తన చేతిలో పెట్టుకొన్న సద్దాం హుసేన్ 1975 సెప్టెంబరులో ఫ్రాన్సు వెళ్ళారు. ప్రధానమంత్రి జాక్ షిరాక్ ఆయనకు ఘనమైన స్వాగతం ఇచ్చారు. ఆ సంవత్సరం నవంబరులోనే రెండు దేశాల మధ్య అణు సహకార ఒప్పందం కుదిరింది. 40 మెగావాట్ల పరిశోధన రియాక్టరును, దానికి తోడుగా ఒక చిన్న రియాక్టరును ఫ్రాన్సు నిర్మించి ఇవ్వాలి. ఫ్రెంచివారు పెద్దదానిని ఒసిరాక్ అన్నారు. ఇరాక్ తమ్మూజ్ అని పిలిచింది. తమ్మూజ్ అంటే అక్కడి వాడుకలో జూలై మాసం. పార్టీ గద్దెనెక్కిన మాసం పేరు రియాక్టరుకు పెట్టడంలోనే పాలకుల మనసు తెలుస్తున్నది. అది జాతి శాస్త్రసంపదగా కన్న పార్టీ విజయ చిహ్నంగానే వారికి కనిపించింది.

అమ్మినవారి బాధ్యత

ఒసిరాక్‌కు కావలసిన ఇంధనం 93 శాతం వరకు శుద్ధి చేసిన యురేనియం. అంత శుద్ధమైన యురేనియం రియాక్టరుకు ఎంత ఉపయోగమో బాంబుకూ అంతే ఉపయోగం. ఈ ప్రమాదం ఫ్రాన్సుకు తెలియనిది కాదు. కొంతకాలానికి ఆ దేశమే, తక్కువ శుద్ధి గల మరొక రకం ఇంధనాన్ని తీసుకొనమని ఇరాక్‌ను కోరింది. ఇరాక్ ఒప్పుకోలేదు. చమురు సరఫరా, ఆయుధాల అమ్మకం ముడిపడి ఉన్నందున ఫ్రాన్సు పట్టుబట్టలేదు. ఇటలీ రేడియోధార్మిక పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలను అమ్మింది. అనంతర కాలంలో పశ్చిమ జర్మనీ కంపెనీల నుండి యంత్రాలు, పరిజ్ఞానం అందాయి. అణ్వస్త్రం కోరిన నియంతను నిందించేటప్పుడు, లాభం కోసం అతనికి ఆ దారి పరచిన ప్రజాస్వామ్య దేశాలను మరచిపోవడం న్యాయం కాదు.

ఇంకొక విషయం గమనించాలి. ఇజ్రాయిల్‌లోని డిమోనా రియాక్టరు కూడా ఫ్రాన్సు సహాయంతో 1950ల చివర మొదలైనదే. ఇజ్రాయిల్ వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరలేదు. డిమోనాకు అంతర్జాతీయ తనిఖీ లేదు. ఒకే అంగడిలో ఇద్దరు కొన్నారు. ఒకరి సరుకుకు లెక్క ఉన్నది, మరొకరి సరుకుకు లెక్క లేదు. ఈ అసమానత అరబ్బు దేశాలలో ఎంతటి రోషాన్ని పుట్టించిందో, ఆ రోషాన్ని తమ పదవికి రక్షణగా మలచుకోవడం బాత్ నాయకులకు ఎంత సులభమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఇరాక్ ఉద్దేశం పూర్తిగా శాంతియుతమేనని వాదించడం కూడా సత్యానికి దూరం. 2003 తరువాత బయటపడిన ఆనాటి ప్రభుత్వ రికార్డులలో, 1970ల చివరనే సద్దాం తన సహచరుల సమావేశాలలో అణ్వస్త్రం వల్ల యుద్ధంలో కలిగే ప్రయోజనాన్ని గురించి మాట్లాడిన సాక్ష్యం ఉన్నది. కోరిక ఉన్నది, కానీ దానికి ఇంకా సమర్థమైన ప్రణాళిక లేదు. 1981 నాటి వాస్తవ స్థితి ఇది.

ఇద్దరు శాస్త్రజ్ఞులు

నిరంకుశ రాజ్యంలో శాస్త్రజ్ఞుని స్థితి ఏమిటో తెలుసుకోవడానికి తువైథాలోనే రెండు జీవితాలున్నాయి. హుసేన్ షహ్రస్తానీ లండన్‌లోను, కెనడాలోను చదివిన అణు రసాయన శాస్త్రవేత్త. 1979 డిసెంబరులో ఆయనను పని చేసే చోటనే అరెస్టు చేశారు. చిత్రహింసలు పెట్టారు. తరువాత అణ్వస్త్ర కృషికి తోడ్పడితే విడుదల చేస్తామన్నారు. ఆయన నిరాకరించారు. దాని ఖరీదు పదకొండు సంవత్సరాల జైలు. అందులో చాలా భాగం అబూ గరీబ్ కారాగారంలో, ఒంటరి కొట్టులో గడిచింది. 1991 ఫిబ్రవరిలో బాంబుల వర్షం కురుస్తుండగా ఏర్పడిన గందరగోళంలో ఆయన తప్పించుకొని, కుటుంబంతో సహా దేశం దాటారు. అనంతరం 2006లో ఇరాక్ చమురు శాఖకు మంత్రి అయ్యారు.

రెండవవారు భౌతిక శాస్త్రవేత్త జాఫర్ జియా జాఫర్. మిత్రుడు షహ్రస్తానీని విడుదల చేయమని అడిగినందుకు ఆయన కూడా నిర్బంధానికి గురి అయ్యారు. సుమారు ఇరవై నెలల తరువాత, 1981లో, ఆయన బయటికి వచ్చారు. వచ్చిన తరువాత రహస్య అణు పథకానికి నాయకత్వం వహించారు. ఒకరు కాదన్నారు, మరొకరు ఔనన్నారు. కానీ ఆ ప్రశ్న ఇద్దరినీ అడిగింది జైలు గోడల మధ్యనే అన్నది మరువరాదు. ఇరాక్ ప్రజలను ఆ ప్రశ్న ఎవరూ ఎన్నడూ అడగలేదు.

1981 జూన్ 7

రియాక్టరును ఆపే ప్రయత్నాలు చాలా ముందే మొదలయ్యాయి. 1979 ఏప్రిల్‌లో ఫ్రాన్సు దక్షిణ తీరాన ఓడకెక్కడానికి సిద్ధంగా ఉన్న రియాక్టరు భాగాలు పేలుడులో దెబ్బతిన్నాయి. 1980 జూన్‌లో ఇరాక్ పథకంలో పని చేస్తున్న ఈజిప్టు శాస్త్రవేత్త యహ్యా అల్ మషద్ పారిస్‌లోని ఒక హోటలు గదిలో హత్యకు గురి అయ్యారు. 1980 సెప్టెంబరులో సద్దాం ఇరాన్ మీద యుద్ధం ప్రారంభించారు. ఆ నెల 30న ఇరాన్ విమానాలు తువైథా మీద దాడి చేశాయి కాని నష్టం స్వల్పం.

1981 జూన్ 7 ఆదివారం సాయంకాలం ఇజ్రాయిల్‌కు చెందిన ఎనిమిది ఎఫ్-16 విమానాలు, వాటికి రక్షణగా ఆరు ఎఫ్-15 విమానాలు వచ్చి తమ్మూజ్ రియాక్టరును ధ్వంసం చేశాయి. పదిమంది ఇరాక్ సైనికులు, ఒక ఫ్రెంచి సాంకేతిక నిపుణుడు మరణించారు. తమకు శత్రువైన ఏ దేశాన్నీ అణ్వస్త్రం సంపాదించుకోనివ్వమని ప్రధానమంత్రి మెనాహెం బెగిన్ ప్రకటించారు. ఆ నెలాఖరులో ఇజ్రాయిల్‌లో ఎన్నికలున్నాయి.

జూన్ 19న భద్రతా మండలి 487వ సంఖ్య గల తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. అమెరికా కూడా దానికి అనుకూలంగానే ఓటు వేసింది. ఆ తీర్మానం దాడిని తీవ్రంగా ఖండించింది. ఇరాక్‌కు తగిన పరిహారం పొందే హక్కు ఉన్నదన్నది. ఇజ్రాయిల్ తన అణు కేంద్రాలను అంతర్జాతీయ తనిఖీ క్రిందికి తేవాలని కోరింది. తమ తనిఖీ వ్యవస్థ మీదనే ఈ దాడి జరిగిందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ డైరెక్టరు జనరల్ సిగ్వర్డ్ ఎక్లుండ్ తన సంస్థ బోర్డు ముందు అన్నారు. ఒప్పందంలో చేరి తనిఖీకి తలుపు తెరచిన దేశంపై, ఒప్పందంలో చేరని దేశం దాడి చేసింది. తీర్మానంలోని ఖండన కాగితం మీద మిగిలింది. పరిహారం రాలేదు. డిమోనా తలుపు తెరచుకోలేదు. అమెరికా కొత్త విమానాల సరఫరాను కొన్ని వారాలు ఆపి, మళ్ళీ పంపించింది.

వెలుతురు నుండి చీకటికి

ఈ దాడి వల్ల ఇరాక్ బాంబు ఆగిపోయిందని చాలాకాలం చాలామంది నమ్మారు. 1991 తరువాత బయటపడిన వాస్తవాలు వేరు. రియాక్టరు కూలినప్పుడు ప్లుటోనియం మార్గం మూసుకుపోయిన మాట నిజమే. కానీ ఇరాక్ పాలకులు నేర్చుకున్న పాఠం అణ్వస్త్రాన్ని విరమించుకొనమని కాదు. కనిపించేది ఏదీ కట్టవద్దని. ఫ్రెంచి నిపుణులు పని చేసే చోట, తనిఖీదారులు వచ్చి లెక్క చూసే చోట జరిగిన పని ఇప్పుడు మారుపేర్లతో, వేరువేరు ప్రదేశాలలో, స్వదేశీ పరిజ్ఞానంతో మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వాడి, తరువాత పక్కన పెట్టిన విద్యుదయస్కాంత పద్ధతిని యురేనియం శుద్ధికి ఎంచుకొన్నారు. అది పాతది. విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది. అయితే దానికి కావలసిన సమాచారం చాలావరకు బహిరంగంగానే దొరుకుతుంది, విదేశాల నుండి అనుమానాస్పదమైన యంత్రాలు తెప్పించనవసరం లేదు. తర్మియాలో, షర్ఖాత్‌లో ఇందుకు కర్మాగారాలు లేచాయి. అల్ అసీర్ అనే చోట ఆయుధ రూపకల్పన సాగింది. కొన్ని వందలమందితో నడచిన పథకం వేలమందికి పెరిగింది.

దాడి జరగకపోతే ఇరాక్ ఒసిరాక్ నుండే బాంబు తయారు చేసుకొనేదని వాదించేవారున్నారు. ఆనాటి తనిఖీ పద్ధతి బలహీనమైనదన్న వారి మాటలో నిజం ఉన్నది. దేశం తానుగా చూపిన చోట్లనే తనిఖీదారులు చూసేవారు. కానీ బలహీనమైన తనిఖీకి మందు బలమైన తనిఖీయే. దాడి జరిగిన తరువాతి పది సంవత్సరాలలో, అంటే అసలు ప్రమాదం పెరిగిన కాలంలో, లోకానికి తెలిసింది అంతకు ముందు తెలిసినదానికన్న తక్కువ.

ఆ పది సంవత్సరాలలో లోకం చూడదలచుకోలేదు కూడా. ఇరాన్‌తో యుద్ధం సాగుతున్నంత కాలం పాశ్చాత్య దేశాలకు, గల్ఫ్ రాజ్యాలకు సద్దాం పనికివచ్చే మనిషి. 1988 మార్చి 16న హలబ్జా పట్టణంలో తన దేశపు కుర్దు ప్రజలపైనే విషవాయువు ప్రయోగించినప్పుడు కూడా ఏ పెద్ద దేశమూ ఆయనతో సంబంధం తెంచుకోలేదు. విషవాయువు వాడిన చేతికి అణ్వస్త్రం దొరికితే ఏమవుతుందన్న ఆలోచన 1990 ఆగస్టు 2న కువైట్ ఆక్రమణ జరిగిన తరువాతనే వారికి గుర్తు వచ్చింది.

తనిఖీదారులు సాధించినది

1991 జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆరు వారాల పాటు ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. తువైథా నేలమట్టమైంది. అయినా అణు పథకంలో ముఖ్య భాగం కూటమి సైన్యాలకు తెలియనే లేదు. తర్మియా మీద బాంబులు వేసినవారికి అది యురేనియం శుద్ధి కర్మాగారమని తెలియదు. అల్ అసీర్ దాదాపు చెక్కు చెదరలేదు. యుద్ధం ముగిసి, ఏప్రిల్ 3న భద్రతా మండలి 687వ తీర్మానం చేసి, ఇరాక్‌లో ఎక్కడికైనా పోయి చూసే అధికారం తనిఖీదారులకు ఇచ్చిన తరువాతనే నిజం బయటికి వచ్చింది.

1991 జూన్ 28న ఫల్లూజా దగ్గర ఒక సైనిక స్థావరం ముందు తనిఖీదారులను ఆపివేశారు. వెనుక ద్వారం గుండా లారీల వరుస బయలుదేరింది. తనిఖీదారులు వెంటపడి ఫోటోలు తీశారు. ఇరాక్ సైనికులు గాలిలోకి కాల్పులు జరిపారు. ఆ లారీల మీద ఉన్నవి యురేనియం శుద్ధి యంత్రాల భారీ అయస్కాంత భాగాలు. పది రోజులు తిరగకముందే, జూలై 7న, ఇరాక్ తన శుద్ధి పథకాన్ని ఒప్పుకోక తప్పలేదు. సెప్టెంబరులో పత్రాలతో దొరికిన తనిఖీ బృందాన్ని ఒక కారు పార్కింగ్ స్థలంలో నాలుగు రోజులు నిర్బంధించారు. వారు కదలలేదు. 1992లో అల్ అసీర్ కట్టడాలను తనిఖీదారుల సమక్షంలో కూల్చారు. 1994 నాటికి బాంబుకు పనికివచ్చే ఇంధనమంతా దేశం నుండి తరలిపోయింది. విమానాలు చేయలేని పనిని, చేతిలో కాగితము, కెమెరా తప్ప మరేమీ లేని మనుష్యులు చేశారు. ఈ అనుభవం నుండే 1997లో అదనపు ప్రోటోకాల్ పుట్టి, చెప్పని చోట్లను కూడా చూడగల అధికారం అణుశక్తి సంస్థకు కలిగింది.

కానీ ఈ విజయానికి మరొక ముఖం ఉన్నది. 1990 ఆగస్టులో మొదలైన ఆర్థిక ఆంక్షలు పన్నెండేళ్ళకు పైగా కొనసాగాయి. వాటి భారం రాజభవనాల మీద పడలేదు. ఆసుపత్రుల మీద, పాఠశాలల మీద, మంచినీటి కేంద్రాల మీద పడింది. బాగ్దాదులో ఐక్యరాజ్య సమితి సహాయ కార్యక్రమానికి అధిపతిగా ఉన్న డెనిస్ హాలిడే 1998లోను, ఆయన తరువాత వచ్చిన హన్స్ వాన్ స్పోనెక్ 2000లోను ఈ విధానంతో ఏకీభవించలేక రాజీనామా చేశారు. నియంత చేసిన తప్పుకు, అతనిని ఎన్నుకొనని ప్రజలు శిక్ష అనుభవించారు.

నాన్నా పులి

చిన్నప్పుడు మనమందరం విన్న నాన్నా పులి కథ ఇరాక్ విషయంలో అక్షరాలా జరిగింది. 1991 వేసవిలో ఇరాక్ ప్రభుత్వం తన నిషిద్ధ సామగ్రిలో చాలా భాగాన్ని తానే రహస్యంగా ధ్వంసం చేసింది. సాక్షులు లేరు, సరైన లెక్కలు లేవు. 1995 ఆగస్టులో సద్దాం అల్లుడు, ఆయుధ పథకాలకు అధిపతి అయిన హుసేన్ కామిల్ జోర్డానుకు పారిపోయినప్పుడు, కంగారుపడిన ప్రభుత్వం ఒక కోళ్ళఫారంలో దాచిన పెట్టెలకొద్దీ పత్రాలను బయట పెట్టింది. కువైట్ ఆక్రమణ తరువాత, తనిఖీలో ఉన్న ఇంధనాన్నే మళ్ళించి త్వరగా ఒక బాంబు చేయాలని ప్రయత్నించిన సంగతి అప్పుడు తెలిసింది. ఇన్నిసార్లు అబద్ధమాడిన ప్రభుత్వం చివరకు నిజం చెప్పినప్పుడు నమ్మేవారు లేకపోయారు.

1998 డిసెంబరులో వెళ్ళిపోయిన తనిఖీదారులు 2002 నవంబరులో తిరిగి వచ్చారు. 2003 మార్చి 7న అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ అల్ బరాదీ భద్రతా మండలికి నివేదిక ఇచ్చారు. 141 చోట్ల 218 తనిఖీలు చేశామని, అణ్వస్త్ర పథకాన్ని పునరుద్ధరించిన ఆధారం ఏదీ కనిపించలేదని, నైజర్ నుండి యురేనియం కొన్నట్లు చూపిన పత్రాలు అసలైనవి కావని ఆయన స్పష్టం చేశారు. రెండు వారాలైనా గడవకముందే యుద్ధం మొదలైంది. 2004లో అమెరికా సొంత పరిశీలక బృందమే, ఇరాక్ అణు పథకం 1991లోనే ముగిసిందని తేల్చింది. తన చేతిలో ఏమీ లేదని పొరుగున ఉన్న ఇరాన్‌కు తెలియరాదన్న భయంతో సద్దాం సందిగ్ధతను మిగిల్చారని కూడా ఆ బృందం అభిప్రాయపడింది. అల్ బరాదీకి, ఆయన సంస్థకు 2005లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. కానీ అప్పటికి ఇరాక్ రక్తపుమడుగు అయింది.

బాగ్దాదు పతనమైన ఆ ఏప్రిల్ రోజులలో తువైథాకు కాపలా లేకపోయింది. చుట్టుపక్కల గ్రామాల పేదలు లోపలికి పోయి యురేనియం పొడి నిలువ చేసిన పీపాలను కుమ్మరించి, మంచినీరు పట్టుకోవడానికి ఇళ్ళకు తీసుకుపోయారు. అణు ప్రమాదం నివారిస్తామని వచ్చిన యుద్ధంలో ఇరాక్ సామాన్యునికి ఎదురైన అణు ప్రమాదం ఇదే.

ముగింపు

ఈ చరిత్రను ఇతర పాలకులు తమ తమ పద్ధతిలో చదువుకొన్నారు. 2003 డిసెంబరులో లిబియా నాయకుడు ముఅమ్మర్ గద్దాఫీ తన అణు సామగ్రిని అప్పగించడానికి అంగీకరించారు. 2011లో నాటో విమానాల అండతో సాగిన తిరుగుబాటులో పదవిని, ప్రాణాన్ని కోల్పోయారు. 2003 జనవరిలో ఒప్పందం నుండి వైదొలగుతున్నట్లు ప్రకటించిన ఉత్తర కొరియా 2006 అక్టోబరులో బాంబు పేల్చింది. దాని మీద ఎవరూ యుద్ధానికి పోలేదు. లిబియా చేసినది తప్పని 2011లో ఉత్తర కొరియా బహిరంగంగానే అన్నది. 2025 జూన్‌లో ఇజ్రాయిల్, ఆ వెంటనే అమెరికా, ఇరాన్ అణు కేంద్రాలపై దాడి చేశాయి. కొద్ది రోజులలోనే ఇరాన్ పార్లమెంటు అణుశక్తి సంస్థతో సహకారాన్ని నిలిపివేసే చట్టం చేసింది. 1980లో తువైథా మీద మొదటి బాంబు వేసిన దేశమే నలభై ఐదేళ్ళకు తువైథా స్థితికి వచ్చింది.

నిరంకుశుని చేతిలో అణ్వస్త్రం ప్రమాదకరమైనదే. ముందుగా అది ప్రమాదం అతని ప్రజలకే. ఆ ప్రమాదాన్ని ఆపవలసిన బాధ్యత లోకానికి ఉన్నది. అయితే తువైథా చూపిన సత్యం ఏమంటే, బాంబు కట్టడాన్ని కూల్చగలదు కాని కోరికను కూల్చలేదు. కోరికను చీకటిలోకి తరుముతుంది. చీకటిలోకి వెలుతురు తీసుకుపోగలిగినది ఓపికగల తనిఖీ మాత్రమే. ఆ తనిఖీకి గౌరవం నిలవాలంటే రెండు షరతులున్నాయి. మిత్రునికి ఒక కొలత, శత్రువుకు ఒక కొలత ఉండరాదు. తనిఖీదారుడు తెచ్చిన సత్యం మనకు రుచించకపోయినా దానిని అంగీకరించాలి. 1981లో మొదటి షరతు, 2003లో రెండవ షరతు భంగమయ్యాయి. రెండుసార్లూ నష్టపోయినది ఇరాక్ ప్రజలే. పదకొండేళ్ళు చీకటి కొట్టులో ఉండి కూడా కాదన్న షహ్రస్తానీని తలచుకొన్నప్పుడు, అణ్వస్త్రానికి ఎదురుగా నిలిచిన అన్నిటికన్న నిఖార్సయిన మాట ఏ రాజధాని నుండీ రాలేదని, అబూ గరీబ్ నుండి వచ్చిందని ఒప్పుకోవలసి ఉంటుంది.